నర్సింహ ప్యాంటుకు రేడియం

నాలుగు గంటలకు లేచి స్టవ్ ముట్టించడం ఇరవై మూడేళ్ళుగా నా పని. మా ఆయన గుండయ్య నల్లాల దఫ్తరులో వాల్వ్‌మన్. హుస్సేనీ ఆలం చుట్టుపక్కల గల్లీలకు పొద్దున నీళ్ళు వదిలేది ఆయనే. చాయ తాగి, వాల్వు తిప్పే ఇనుప చావిని సైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయేవాడు. నేను గ్లాసు కడిగి బోర్లించి మళ్ళీ పడుకునేదాన్ని. ఈ వేళకు ఎక్కడున్నాడో, ఎట్లా ఉన్నాడో అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. నిద్ర పట్టేది, అంతే.

ఇప్పుడు ఆ చాయ తాగి వెళ్ళేది నా కొడుకు బాలనర్సింహ. వాడు గడప దాటాక నేను పడుకోను. నల్లా పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. ఐదుంబావుకు నల్లాలో ముందు గాలి బుస్సుమంటుంది, తర్వాత నీళ్ళు పడతాయి. ఆ బుస్సు వినిపిస్తే మా గల్లీ వాల్వు దాకా వాడు బాగానే వచ్చాడని అర్థం. ఆ తర్వాత ఇంకా ఏడు వాల్వులున్నాయి. వాటి సంగతి వాడు ఇల్లు చేరేదాకా నాకు తెలియదు.

వాడి గురించి నాలుగు మాటలు చెప్పాలి. పుట్టినప్పుడు ఏడవలేదు, మంత్రసాని నీళ్ళు చల్లి ఏడిపించింది. ఇప్పటికీ అంతే, పలకరిస్తేనే పలుకుతాడు. ఎనిమిది తప్పి బడి మానేశాక చార్మినార్ దగ్గర దస్తగీర్ భాయ్ రేడియో దుకాణంలో చేరాడు. పాత రేడియోలు విప్పి, దుమ్ము ఊది, తీగలు అతికించేవాడు. రేడియో పాడుతుంటే వాడు తల పక్కకు వంచి వినేవాడు. వాడు పాట వినడు, గరగర వింటాడు. "అవ్వల్ కారీగర్, మంచి పనోడు అయితడు అమ్మా మీవోడు, నాలుగేండ్లు ఆగు" అని దస్తగీర్ భాయ్ నాతో అన్నాడు.

నాలుగేళ్ళు ఆగలేదు. పోయిన శ్రావణంలో, తెల్లవారక ముందు, పెద్ద రోడ్డు మీది వాల్వు దగ్గర ఇసుక లారీ మా ఆయన మీది నుంచి పోయింది. ఠాణాలో ఆ డ్రైవరు నేలమీద కూర్చుని చెబుతుంటే నేను గుమ్మం బయట నిలబడి విన్నాను. "గోనె సంచి అనుకున్న సారూ. రోడ్డు మీద సంచి పడ్డదనుకున్న. మనిషని తెల్వలే." తాగి లేడు. ముసలివాడు. ఏడుస్తూనే చెప్పాడు. కొట్టేవాళ్ళు కూడా కొట్టడం ఆపి విన్నారు.

డ్యూటీలో పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తారు. నర్సింహ వద్దన్నాడు. రేడియో పనిలోనే ఉంటానన్నాడు. సర్కారు కొలువు కాలదన్నుకుంటావా అని పట్టుబట్టింది నేనే. మూడు రోజులు అన్నం తినలేదు నేను. నాలుగో రోజు వాడు దఫ్తరుకు వెళ్ళి సంతకం పెట్టి వచ్చాడు. దఫ్తరు బట్టలు ఏడాదికి రెండు జతలిస్తారు, వాడికి ఇంకా రాలేదు. తండ్రివి ఒక జత ఆస్పత్రిలో కత్తిరించారు. మిగిలిన జత వాడు తొడుక్కున్నాడు. నడుము దగ్గర నేను కుట్టు వేసి బిగించాను.

మొదటి రోజు వాడు సైకిలు ఎక్కి గల్లీ మలుపు తిరుగుతుంటే వెనక నుంచి చూశాను. ఖాకీ అంగీ, ఖాకీ ప్యాంటు. పది గజాలు పోయేసరికి చీకట్లో కలిసిపోయాడు. నేనే పంపాను. నేనే అన్నం మానేసి పంపాను.

ఆ భయం ఎవరితో చెప్పాలి. మా వాకిట్లోనే ఎదుటి గదిలో షౌకత్ బీ ఉంటుంది. అరవై దాటింది. లక్క గాజులకు అద్దాల రాళ్ళు అద్దే పని ఇంట్లోనే చేస్తుంది. ఆయన పోయాక నేను రెండు నెలలు బయటివాళ్ళెవరితోనూ మాట్లాడలేదు గానీ, ఆమె గాజుల పళ్ళెం తెచ్చుకుని నా గుమ్మంలోనే కూర్చుని పని చేసుకునేది. ఏమీ అడిగేది కాదు. ఒకరోజు నేనే అన్నాను.

"ఆపా, లారీవోళ్ళకు మనిషి కనపడాలంటె ఏం చెయ్యాలె?"

రాయి మీది చూపు తీయకుండానే ఆమె అంది. "స్కూటర్ల ఎనక మెరుస్తయి చూడు, రేడియం. గది పెట్టు. నజీర్ కోస్తడు, కమాను పక్కన. నడువు, నేను గూడ వస్త."

నజీర్ దుకాణం ఒక తలుపంత వెడల్పు. గోడ నిండా స్టిక్కర్లే. సింహం ముఖం, డేగ, గులాబీ, ఏడు కొండలు, ఏడు వందల ఎనభై ఆరు, గుర్రాలు, కండ్లు. నజీర్ చేతిలో బ్లేడుతో ఎవరి పేరో కోస్తూ తల ఎత్తాడు.

"ఏం బండికమ్మా? లూనానా, ఆటోనా?"

"బండికి గాదు. మనిషికి."

"మనిషికా? మనిషికి నంబర్ ప్లేట్ ఏడ ఉంటదమ్మా?" అని నవ్వాడు.

"నవ్వు తర్వాత నవ్వు రా," అంది షౌకత్ బీ. "గుండయ్య భార్య ఈమె."

నవ్వు ఆగిపోయింది. స్టూలు తుడిచి వేశాడు. రెండు రకాల కాయితాలు తెచ్చి చూపించాడు. "ఇది ఉత్త రంగుది. పొద్దుగాల మంచిగ కనపడ్తది, చీకట్ల ఏం ఉండదు. ఇది రేడియం. లైట్ పడితెనే మండుతది." బల్ల కింది చీకట్లో పెట్టి టార్చి వేశాడు. కాయితం నిప్పులా అయింది. "ఎరుపు, తెలుపు, పసుపు. ఏది గావాలె?"

నా కన్ను గోడ మీది కండ్ల మీద పడింది. మైసమ్మ కండ్లు. తెల్లటి గుడ్లు, ఎర్ర అంచు, నడుమ నల్లటి పాప, పైన పసుపు బొట్టు. జానెడు వెడల్పు. గుడి తలుపులకు అంటించే రకం. నర్సింహ వీపు మీద ఆ తల్లి కూర్చుంటే, లారీవాడు చూడకపోయినా ఆమె చూస్తుంది కదా అనిపించింది.

"ఉత్త పట్టీ ఎక్కువ మండుతదమ్మా," అన్నాడు నజీర్. "కండ్లల్ల నలుపు ఉంది. నలుపు మండదు."

"కండ్లే ఇయ్యి భాయ్."

అతను మెల్లగా కోసి, వెనక కాయితంతో సహా చుట్టి ఇచ్చాడు. "గుడ్డ పొడిగ ఉండాలె. ఇస్త్రీ చేసి వేడి ఉండంగనే అతికియ్యండి. నడిమి నుంచి అంచులకు ఒత్తాలె, అంచుల నుంచి నడిమికి గాదు. ఒక దినం నీళ్ళు చూపియ్యొద్దు. అసలు ఇది రేకుకు అతికేది, గుడ్డకు గాదు. ఎన్ని దినాలు ఉంటదో నేను చెప్పలేను."

ఆ మధ్యాహ్నం అంగీకి ఇస్త్రీ చేసి పరిచాను. వెనక కాయితం కొంచెం కొంచెంగా లాగుతుంటే స్టిక్కరు తనకు తానే ముడుచుకుని అంటుకోబోయింది. షౌకత్ బీ లాక్కుంది.

"ఊపిరి పట్టకు నీలమ్మా. ఇదేం పాము గాదు."

రాళ్ళు అద్ది అద్ది ఆమె బొటనవేలు కొయ్యలా గట్టిపడింది. ఆ వేలితో నడుమ నుంచి ఒత్తుకుంటూ పోయింది. ఒక చోట గాలి బుడగ మిగిలితే, రాళ్ళు సర్దే సన్నటి సూదితో పొడిచి, వేలితో అణిచింది. కండ్లు రెండూ అంగీ మీద తెరుచుకుని నన్నే చూశాయి. దండం పెట్టుకున్నాను.

నర్సింహ లేచి చూసి, "ఏందమ్మా ఇది, బోనాలా?" అన్నాడు. కానీ తొడుక్కున్నాడు. నాకు ఆ నాలుగు రోజులు కొంచెం ఊపిరాడింది.

ఐదో రోజు అంగీ ఉతికాను. బండకేసి బాదలేదు. తల్లి కండ్లు ఎట్లా బాదుతాను. సబ్బు నురగలో చేత్తో పిసికి, నీడన ఆరేశాను. అయినా ఎడమ కన్ను మూల లేచింది. తెలుపు మాసిన సున్నంలా అయింది. అపశకునం అనుకున్నాను. ఇంకా మెరుస్తుందో లేదో చూడాలని, వాడు అన్నం తిన్నాక లోపలి గదిలోకి పిలిచాను. ఆ గదికి కిటికీ లేదు. తలుపు మూస్తే పట్టపగలు కూడా చీకటే. షౌకత్ బీ టార్చి తెచ్చి నా చేతికిచ్చింది. నేను వాడి వెనక, తలుపు దగ్గర నిలబడ్డాను.

"వంగు బిడ్డా."

"ఎట్ల వంగాలె?"

"వాల్వు కాడ ఎట్ల వంగుతవో గట్లనే."

వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చావి తిప్పుతున్నట్టు నిలబడతాడనుకున్నాను. వాడు ఇంకా వంగాడు. ఛాతీ నేలకు ఆనింది, చెంప నేలకు ఆనింది, కుడి చెయ్యి ముందుకు చాచి లేని గుంతలో పెట్టినట్టు పెట్టాడు.

"గిదేంది, గట్ల పడుకున్నవ్?"

"వాల్వు గుంతల మన్ను నిండి ఉంటదమ్మా. చెయ్యి పెట్టి తీస్తెనే చావి కూసుంటది. నాయిన గిట్లనే చేస్తుండె. చిన్నప్పుడు ఎంబడి పోయిన గద, చూసిన."

టార్చి వేశాను.

మైసమ్మ కండ్లు పైకప్పును చూస్తున్నాయి. టార్చి వెలుగు వాటికి తగలనే లేదు. నా ఎదుట ఉన్నది ఒక ఖాకీ ముద్ద. తల లేదు, చేతులు లేవు, కాళ్ళు లేవు. ఎత్తుగా, గుండ్రంగా, ఎవరో రోడ్డు మీద జారవిడిచినట్టు.

గోనె సంచి.

ఆ ముసలి డ్రైవరు అబద్ధం చెప్పలేదు. ఇరవై మూడేళ్ళు ఒక మనిషికి చాయ కాచి ఇచ్చాను. ఆ మనిషి పనిలో ఎట్లా వంగుతాడో నాకు తెలియదు. నల్లా తిప్పినట్టు నిలబడి తిప్పి వస్తాడనుకున్నాను.

"అమ్మా, లేవొచ్చా?" అన్నాడు వాడు నేల మీది నుంచే.

షౌకత్ బీ నా చేతిలోంచి టార్చి తీసుకుంది. చాలాసేపు చూసింది. "నమాజుల సజ్దాల ఉన్నట్టు ఉన్నడు," అంది మెల్లగా. తర్వాత మామూలు గొంతుతో అంది. "ఎనక నుంచి వచ్చేటోనికి ఏం కనపడ్తది? పిర్రలు. పెట్టాల్సింది గాడ."

నర్సింహ దిగ్గున లేచాడు. "ఏం మాట్లాడుతున్నవ్ ఖాలా," అని తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రంతా నాకు రెండు వైపులా భయమే. తల్లి కండ్లు తీసుకెళ్ళి అక్కడ అంటించడం అనేది మనసులో అనుకోవడమే పాపం. దేవుడు లేని ఉత్త కాయితం అంటిస్తే, తల్లిని వద్దనుకున్నట్టు అవుతుంది. ఆమెకు కోపం వస్తే కొడుకును నేనెట్లా నిలబెట్టుకోను. కానీ కళ్ళు మూస్తే ఆ ముద్ద కనపడుతోంది. పొద్దున వాడు వెళ్ళాక నల్లా దగ్గర కూర్చున్నాను. బుస్సు వినిపించలేదు. ఐదున్నర అయింది. ఐదు ముప్పావు అయింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఆరింటికి నీళ్ళు వచ్చాయి. సైకిలు చైను పడిందట, అంతే.

ఎండ ఎక్కకముందే నజీర్ దుకాణానికి పోయాను. ఒక్కదాన్నే పోయాను.

"ఈసారి దేవుడు వద్దు భాయ్. ఏ బొమ్మా వద్దు. ఉత్త ఎరుపు."

అతను నాలుగు వేళ్ళ వెడల్పున రెండు పొడుగు పట్టీలు కోశాడు. టార్చి వేసి నాకు రెండుసార్లు చూపించాడు. "ఎరుపు చూస్తె బ్రేక్ మీదికి కాలు దానంతటదే పోతదమ్మా," అన్నాడు.

నర్సింహ ప్యాంటు ఇవ్వనన్నాడు.

"గల్లీలల్ల ఆడోళ్ళంత బిందెలు పట్టుకొని నిలబడి ఉంటరు. నా ఎనక చూసి నవ్వుతరు. నేను గది ఏసుకొని పోను."

"నవ్వితె నవ్వనీ బేటా," అంది షౌకత్ బీ గుమ్మంలోంచి. "నవ్వాలంటె ముందుగాల కనపడాలె గద."

"నువ్వు ఊకో ఖాలా. నీకేం, ఇంట్ల కూసుంటవ్."

నేను వాదించలేదు. నాకు వాదించడం రాదు. "మీ నాయినను సంచి అన్నరు బిడ్డా," అన్నాను. "ఠాణల నేనే విన్న. నీకు చెప్పలే. నిన్న నాక్కూడ గట్లనే కనపడ్డవ్."

వాడు నా ముఖం చూడలేదు. లోపలికి వెళ్ళి లుంగీ కట్టుకుని వచ్చి, ప్యాంటు నా ఒళ్ళో వేసి వెళ్ళాడు.

పట్టీ ఎట్లా పెట్టాలనేది కూడా షౌకత్ బీయే చెప్పింది. బల్ల మీద పరిచి అంటిస్తే, వంగినప్పుడు గుడ్డ సాగి పట్టీ చిట్లుతుంది. వంగినప్పుడు ఎంత బిగువుగా ఉంటుందో అంత బిగువులోనే అంటించాలి. పెద్ద బిందె బోర్లించి, దాని మీద ప్యాంటు వెనక భాగం లాగి తొడిగాము. ఇస్త్రీ పెట్టెతో వేడి చేశాము. ఈసారి కాయితం నేనే లాగాను. నడుమ నుంచి అంచులకు నా బొటనవేలితోనే ఒత్తాను. తర్వాత అంచుల చుట్టూ సన్న కుట్టు వేశాను. సూది దిగినప్పుడల్లా పట్టీ చిన్నగా కిర్రుమనేది. మోకాళ్ళ దగ్గర గుడ్డ పలచబడి ఉంది. అది ఆయన మోకాళ్ళ వల్ల. ఇన్నాళ్ళూ ఉతికాను గానీ ఆ పలచదనం ఎందుకో ఆలోచించలేదు.

"మరి అంగీ మీది కండ్లు తీసేద్దామా ఆపా?" అని అడిగాను.

"ఉండనీ. పైనుంచి వచ్చేది ఏమన్న ఉంటె ఆమె చూసుకుంటది," అంది.

మళ్ళీ లోపలి గదిలో తలుపు మూసి వాడిని వంగమన్నాను. పళ్ళు కొరుకుతూనే వంగాడు. టార్చి వేశాను. రెండు ఎర్ర గీతలు ఒక్కసారి మండాయి. ముద్ద లేదు. మనిషని తెలిసిందో లేదో గానీ, సంచి మాత్రం కాదు.

నవ్వారు. నవ్వకుండా ఎందుకుంటారు. రెండో రోజే మా వెనక గల్లీ నాగమణమ్మ నల్లా దగ్గర అందట, "ఏం నర్సింహా, ఎనక సిగ్నల్ పడ్డది, ఎటు తిరుగుతున్నవ్?" అని. లైటు నర్సింహ అని పేరు పెట్టారు. దఫ్తరులో కూడా అదే పేరు. వాడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను వాడి చాయలో చక్కెర ఎక్కువ వేసి ఊరుకున్నాను.

పదో రోజు వాడు మామూలు వేళకే వచ్చాడు. చేతులు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ చెప్పాడు.

"పొద్దుగాల పెద్ద రోడ్డు కాడ లారీ ఆగిందమ్మా."

నేను గరిటె గిన్నెలో పెట్టి వాడివైపు తిరిగాను.

"నేను గుంతల చెయ్యి పెట్టి ఉన్న. కీచుమని చప్పుడైంది. లేచి చూస్తె నాలుగు గజాల దూరంల ఉంది. డ్రైవర్ దిగిండు. మస్తు తిట్టిండు. ఏందిరా, పిర్రలకు లైట్లు కట్టుకున్నవ్, దయ్యమనుకొని సచ్చిపోతుంటి అన్నడు." వాడు నవ్వాడు. నవ్వి, ముద్ద నోట్లో పెట్టుకోకుండా పళ్ళెంలోనే పెట్టాడు. "బీడీ ఇచ్చిండు. నాకు అలవాటు లేదన్న. జర సేపు నా పక్కనే కూసున్నడు."

నాలుగు గజాలు. మా వాకిలి అంత. నేను గుమ్మం నుంచి నల్లా దాకా చూశాను. అంతే దూరం. నాకు సంతోషం రాలేదు. రేపు ఉంది, ఎల్లుండి ఉంది. వాడికి ఇంకా ముప్పై ఏడేళ్ళ నౌకరీ ఉంది.

వాడు చెయ్యి కడుక్కుని, చాప మీద వాలుతూ అన్నాడు. "ప్యాంట్ ఉతుకమ్మా. పది దినాలైతుంది. మన్ను వాసన కొడ్తుంది. దఫ్తర్ల సారు గూడ అన్నడు, గుండయ్య బట్టలు ఎట్ల ఉంటుండె, నీయి ఎట్లున్నయ్ అని."

"ఊ," అన్నాను.

ఆయన బట్టలు ఒక్కరోజు మురికిగా ఉండేవి కావు. గల్లీలో అందరికీ తెలుసు. అది నాకు వచ్చిన పేరు.

వాడు నిద్రపోయాక బండ దగ్గర కూర్చున్నాను. దుప్పటి ఉతికాను. వాడి బనీను, తువ్వాల, నా రెండు చీరలు ఉతికాను. అంగీ కాలరు, చంకలు మాత్రం తడిపి రుద్దాను. ప్యాంటు చేతిలోకి తీసుకున్నాను. మోకాళ్ళ దగ్గర మట్టి ఎండి పెచ్చులు కట్టింది. వెనక్కి తిప్పాను. పట్టీల మీద దుమ్ము ఉంటే పొడి కొంగుతో తుడిచాను. ఒక కుట్టు వదులై ఉంటే సూదితో బిగించి, పంటితో దారం తెంపాను.

బకెట్‌లో నీళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి, సబ్బు కూడా ఉంది. ప్యాంటును మడవకుండా, తడి తగలని చోట దండేనికి వేసి, బకెట్ నీళ్ళు మోరీలో పారబోశాను.